సబ్‌మెరైన్‌లో ఆక్సిజన్ పుట్టించడం సులువే, తంటా అంతా మిగతా గాలితోనే

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసొచ్చాక ఒక సందేహం పట్టుకుంది. అంత ఇరుకు గొట్టంలో డెబ్బై ఎనభై మంది నీళ్ళ కింద రోజుల తరబడి ఉంటే ఊపిరి ఎలా ఆడుతుంది? చేపల్లాగా సముద్రపు నీళ్ళలోంచి ఆక్సిజన్ లాక్కుంటారా? కరోనా టైములో ఇళ్ళలో పెట్టుకున్న కాన్సెంట్రేటర్ లాంటిది ఉంటుందా? కరెంటు పోతే ఎన్నాళ్ళు బతకగలరు?

నేను నేవీలో ఇంజినీరింగ్ బ్రాంచి సెయిలర్‌ని. సర్వీసులో ఎక్కువ భాగం రష్యన్ డీజిల్ బోట్లలోనే (సబ్‌మెరైన్‌ని మేం బోటనే అంటాం) గడిచింది. న్యూక్లియర్ బోట్ల గురించి ఇక్కడ చెప్పేది ఇతర దేశాల నేవీలు ఎప్పుడో బయటపెట్టిన సంగతులే. మన న్యూక్లియర్ బోటు అరిహంత్ ఊసు మాత్రం ఎత్తను, కామెంట్లలో కూడా అడగొద్దు.

ముందు చేపల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే పదిమందిలో ఎనిమిదిమంది మొదట అడిగేది అదే. సముద్రపు నీళ్ళలో ఆక్సిజన్ కరిగి ఉన్న మాట నిజమే. కానీ ఎంత? పైపొరల్లో లీటరుకి ఆరు మిల్లీగ్రాములు అనుకోండి. మామూలుగా పనిచేసుకునే మనిషికి రోజుకి 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే నీళ్ళలోని ఆక్సిజన్‌ని చుక్క మిగలకుండా పిండేసినా ఒక్క మనిషికి రోజుకి లక్షా నలభై వేల లీటర్ల నీళ్ళు తోడాలి. వందమందికి కోటీ నలభై లక్షల లీటర్లు. అన్ని నీళ్ళు తోడే పంపుల మోత వినపడితే శత్రువు వెతకాల్సిన పనే ఉండదు. చేపకి అది చెల్లుతుందంటే, దాని ఒళ్ళు మనలా వెచ్చగా ఉండనక్కర్లేదు, దాని ఖర్చు చాలా తక్కువ. పైగా మన బంగాళాఖాతంలో ఇంకో చిక్కుంది. పైపొర దాటి వంద రెండొందల మీటర్ల కిందకి దిగితే, అక్కడి నుంచి కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు ఉండని పొర ఒకటి ఉంటుంది. అరేబియా సముద్రంలోనూ అంతే. సబ్‌మెరైన్ దాక్కోవాలనుకునే లోతుల్లోనే చేపలకి కూడా గాలి కరువు.

కాన్సెంట్రేటర్ కూడా కుదరదు. అది ఆక్సిజన్‌ని తయారు చెయ్యదు. గదిలోని గాలిని జియోలైట్ గుళికల మీదుగా పంపి నైట్రోజన్‌ని పట్టి ఉంచుతుంది, మిగిలిన ఆక్సిజన్‌ని రోగి ముక్కుకి పంపిస్తుంది. గదికి కిటికీ ఉంది కాబట్టి సరిపోయింది. కిటికీ లేని ఇనప గొట్టంలో అది చేసేదల్లా ఉన్న ఆక్సిజన్‌ని ఒక మూల నుంచి ఇంకో మూలకి చేర్చడమే. తేజస్ యుద్ధవిమానంలో పైలట్ కోసం తయారైన ఆక్సిజన్ యూనిట్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. 2021లో ఆసుపత్రులకి డీఆర్‌డీఓ ప్లాంట్లు వచ్చింది ఆ టెక్నాలజీతోనే. విమానానికైనా ఆసుపత్రికైనా చుట్టూ గాలి ఉంది. మాకు చుట్టూ ఉన్నది నీళ్ళు.

కాబట్టి ఆ నీళ్ళనే విరగ్గొట్టాలి. న్యూక్లియర్ సబ్‌మెరైన్లు చేసేది ఇదే. నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్ కాకుండా, నీటి అణువులోనే ఉన్న ఆక్సిజన్‌ని కరెంటుతో విడదీస్తారు. స్కూల్లో రెండు పెన్సిళ్ళు, ఒక బ్యాటరీ పెట్టి చూపించిన విద్యుద్విశ్లేషణే ఇది. లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. కిలో నీళ్ళలో 889 గ్రాములు ఆక్సిజనే. అంటే ఒక మనిషి రోజంతా పీల్చే ఆక్సిజన్‌కి లీటరు నీళ్ళు చాలు, ఇంకా కాస్త మిగులుతుంది కూడా. పైన లక్షా నలభై వేల లీటర్లు తోడాల్సిన చోట ఇక్కడ ఒక వాటర్ బాటిల్.

కరెంటు ఎంత? ఆ 840 గ్రాముల ఆక్సిజన్ రావాలంటే ఒక సెల్లులో, అంటే నీళ్ళు విడిపోయే పెట్టెలో, ఇరవై నాలుగ్గంటలూ ఆగకుండా సుమారు 117 ఆంపియర్లు పారాలి. సెల్లు మీద వోల్టేజి రెండు వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి మనిషికి 235 వాట్లు. వందమందికి ఇరవై మూడు, ఇరవై నాలుగు కిలోవాట్లు. పంపులు, కూలింగ్, నీళ్ళు శుద్ధి చేసే యంత్రాలు కలిపితే ఇంకొంచెం. మెగావాట్లలో కరెంటు ఇచ్చే రియాక్టర్ ఉన్న బోటుకి ఇది చిల్లర ఖర్చు. అందుకే న్యూక్లియర్ బోటు బయటికి రావాల్సింది తిండి అయిపోయినప్పుడే గానీ ఊపిరాడక కాదు అంటారు. అది అతిశయోక్తేమీ కాదు.

మరి సముద్రపు నీళ్ళని నేరుగా సెల్లులో పోసేస్తే పోదా? పోదు. ఉప్పు నీళ్ళని విడదీస్తే ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ వస్తుంది. ఆ విషవాయువుని మన చేత్తోనే బోటులో నింపుకున్నట్టు అవుతుంది. అందుకని ముందు సముద్రపు నీళ్ళని డిస్టిల్ చేసి, లవణాల జాడ లేకుండా శుద్ధి చేసి, అప్పుడు సెల్లుకి పంపుతారు. ఉత్త నీళ్ళలో కరెంటు సరిగా పారదు కాబట్టి పాత యంత్రాల్లో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపేవాళ్ళు. కొత్తవాటిలో పలచని ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. దాని గుండా ప్రోటాన్లు మాత్రమే దాటతాయి, ఒక పక్క ఆక్సిజన్, ఇంకో పక్క హైడ్రోజన్ వేరువేరుగా చేరతాయి. క్షారం గొడవ తగ్గింది, సురక్షితం కూడా.

హైడ్రోజన్ మాటకొస్తే, ఆక్సిజన్ యంత్రం దగ్గర పనిచేసేవాడి కళ్ళన్నీ ఆక్సిజన్ మీద కంటే దాని మీదే ఉంటాయి. ప్రతి లీటరు ఆక్సిజన్‌కీ రెండు లీటర్ల హైడ్రోజన్ తప్పదు. గాలిలో అది నాలుగు శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. దాన్ని దాచుకోరు, సముద్రంలోకి నెట్టేస్తారు. అమెరికన్ నేవీ పాత యంత్రాలు ఈ రెండు గ్యాసుల్నీ ఒకే పెట్టెలో, దాదాపు రెండువందల రెట్లు వాతావరణ పీడనం దగ్గర తయారు చేసేవి. అంత ఒత్తిడితో అయితే ఆక్సిజన్‌ని నేరుగా సిలిండర్లలో నింపుకోవచ్చు, హైడ్రోజన్‌ని లోతులో కూడా బయటికి తోసెయ్యచ్చు, కంప్రెసర్ అక్కర్లేదు. డిజైన్‌గా తెలివైనదే. కానీ అక్కడి సెయిలర్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు 'బాంబు'. తర్వాత తక్కువ ఒత్తిడి యంత్రాల వైపు మొగ్గింది ఊరికే కాదు.

ఇదంతా న్యూక్లియర్ వైభోగం. మీరు చూసిన కురుసుర డీజిల్ బోటు, 1969లో సోవియట్ వాళ్ళ దగ్గర కొన్నది. 2001లో సర్వీసు నుంచి దించేసి, మరుసటి ఏడు ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. అందులో ఎలక్ట్రోలైజర్, అంటే నీళ్ళని విరగ్గొట్టే యంత్రం, ఉండదు. డెబ్బై అయిదు మందికి ఎలక్ట్రోలైజర్ నడపాలంటే సెల్లులకే పద్దెనిమిది కిలోవాట్లు కావాలి. నీళ్ళ కింద ఉన్నప్పుడు ఆ కరెంటు బ్యాటరీలోంచే రావాలి. డీజిల్ బోటులో బ్యాటరీ నెలాఖరు జీతంలాంటిది, ప్రతి ఖర్చుకీ ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోవాలి. కెప్టెన్ దాన్ని ప్రొపెల్లర్ కోసం దాస్తాడు, మనం పీల్చడం కోసం కాదు.

అందుకే డీజిల్ బోటులో ఊపిరికి ప్రధాన మార్గం పైకి రావడమే. పూర్తిగా కాదు, పెరిస్కోపు లోతుకి వచ్చి స్నార్కెల్ గొట్టం ఒక్కటి నీళ్ళ పైకి లేపుతారు. దాంట్లోంచి వచ్చే గాలితో డీజిల్ ఇంజిన్లు నడిచి బ్యాటరీ నిండుతుంది, ఆ ఊపులోనే బోటు గాలి కూడా మారిపోతుంది. సముద్రం పొంగి ఉంటే మాత్రం నరకం. గొట్టం తల మీదకి అల రాగానే నీళ్ళు లోపలికి రాకుండా వాల్వు టక్కున మూసుకుంటుంది. ఇంజిన్లకి ఆ సంగతి తెలియదు కదా, గాలి కోసం బోటులోపలి గాలినే లాగుతాయి. ఒక్క క్షణంలో ఒత్తిడి పడిపోయి చెవులు మూసుకుపోతాయి, అల పోగానే వాల్వు తెరుచుకుని మళ్ళీ టప్పున తెరుచుకుంటాయి. రాత్రంతా ఇదే. జలుబు చేసినవాడి బాధ చెప్పనలవి కాదు. కానీ ఆ మొదటి చల్లగాలి ముక్కుకి తగిలినప్పుడు, అంతవరకూ మనం ఎంత కంపులో ఉన్నామో అప్పుడు తెలుస్తుంది.

ఇక అసలు విషయానికొస్తాను. ఆక్సిజన్ ఎలా వస్తుందని అందరూ అడుగుతారు. మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. మూసేసిన బోటులో మనిషిని ముందు దెబ్బతీసేది ఆక్సిజన్ కొరత కాదు.

లెక్క మీరే వేసుకోవచ్చు. సులువుగా ఉండటానికి వెయ్యి ఘనమీటర్ల గాలి, డెబ్బై అయిదు మంది అనుకుందాం. మనిషి గంటకి ఇరవై ఆరు లీటర్ల ఆక్సిజన్ తీసుకుని, ఇరవై ఒకటి ఇరవై రెండు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. అంటే గంటకి ఆక్సిజన్ సుమారు 0.2 శాతం తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ 0.16 శాతం పెరుగుతుంది. మూడు గంటలయ్యేసరికి ఆక్సిజన్ ఇంకా ఇరవై శాతం పైనే ఉంటుంది, ఎవరికీ ఏ తేడా తెలియదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం అప్పటికే అర శాతానికి చేరుతుంది. బయటి గాలిలో ఉండేదానికి ఇది పన్నెండు రెట్లు. అమెరికన్ నేవీ తొంభై రోజుల ప్రయాణానికి పెట్టుకున్న పరిమితి కూడా అర శాతమే. పద్దెనిమిది గంటలకి ఆక్సిజన్ పదిహేడున్నర దగ్గర ఉంటుంది. అది బతకలేని స్థితేమీ కాదు, కొండ ప్రాంతాల్లో జనం హాయిగా కాపరాలు చేసేంత గాలే. కానీ కార్బన్ డయాక్సైడ్ మూడు శాతం చేరుతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, రొప్పు, చిరాకు, చెప్పిన మాట బుర్రకెక్కకపోవడం మొదలవుతాయి. ఇంకా పెరిగితే మగత. పది శాతం దగ్గర స్పృహే ఉండదు.

దీని ముందు ఆక్సిజన్ కొరతది దొంగబుద్ధి. ఏ బాధా తెలియకుండా మనిషి వాలిపోతాడు. కార్బన్ డయాక్సైడ్ అరిచి చెబుతుంది, కానీ అది అరిచే సరికి ఆలోచించే శక్తి తగ్గిపోయి ఉంటుంది. 1939 జూన్ 1న ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర సముద్రంలో హెచ్‌ఎంఎస్ థెటిస్ అనే కొత్త సబ్‌మెరైన్ ట్రయల్ డైవ్ చేస్తూ ముందు టార్పిడో గొట్టం గుండా నీళ్ళు చొరబడి మునిగింది. షిప్‌యార్డు పనివాళ్ళు కూడా ఎక్కి ఉండటంతో అందులో మామూలు కంటే రెట్టింపు మంది, 103 మంది ఉన్నారు. తోక భాగం నీళ్ళ పైకి తేలి కనపడుతూనే ఉంది. చుట్టూ పడవలున్నాయి. తప్పించుకునే పరికరాలు లోపల ఉన్నాయి. మరుసటి పొద్దున నలుగురు బయటపడ్డారు, 99 మంది చనిపోయారు. రెట్టింపు మంది ఉంటే గాలి సగం సేపే వస్తుంది. వాళ్ళని కాటేసింది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడే. తప్పించుకునే పని క్రమం తప్పకుండా చెయ్యాల్సిన మనుషులకి అప్పటికే చేతులూ బుర్రా స్వాధీనంలో లేవు. సబ్‌మెరైన్ స్కూళ్ళలో ఈ కథ ఇప్పటికీ చెబుతారు, చెప్పాల్సిందే.

సరే, దాన్ని తీసెయ్యడం ఎలా? న్యూక్లియర్ బోట్లలో మోనో ఇథనోలమైన్ అనే ద్రవం వాడతారు. చల్లగా ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, వేడి చేస్తే వదిలేస్తుంది. వదిలిన గ్యాసుని కంప్రెస్ చేసి సముద్రంలోకి నెట్టేసి, అదే ద్రవాన్ని చల్లార్చి మళ్ళీ వాడతారు. మంచి పద్ధతే, కానీ దాని వాసన బట్టలకి, జుట్టుకి, పరుపులకి పట్టేస్తుంది. ఆ బోట్లలో చేసినవాళ్ళు ఇంటికి రాగానే బ్యాగు గుమ్మం బయటే పెట్టమని ఇంట్లోవాళ్ళు అంటారట. మరో దారి లిథియం హైడ్రాక్సైడ్ లేదా సోడా లైమ్ డబ్బాలు. ఇవి ఒకసారి తాగాయంటే అంతే, పారెయ్యాలి. కరెంటు అక్కర్లేదు కాబట్టి కష్టకాలంలో ఇవే దిక్కు.

రష్యన్ డిజైనర్లు ఈ రెండు పనుల్నీ ఒకే దెబ్బతో కొట్టారు. పొటాషియం సూపర్ ఆక్సైడ్ అనే పసుప్పచ్చటి పదార్థం ఉంది. అది కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుని కార్బొనేట్‌గా మారుతూ ఆక్సిజన్ వదులుతుంది. ఇచ్చే ఆక్సిజన్‌కీ పుచ్చుకునే గ్యాసుకీ ఉన్న నిష్పత్తి, గాలిలో తేమని బట్టి అటూ ఇటూ అయినా, మనిషి ఊపిరి నిష్పత్తికి చాలా దగ్గరగా వస్తుంది. మోటారు లేదు, వైరు లేదు. ఇలాంటి సూపర్ ఆక్సైడ్ పలకల్ని సీలు చేసిన రేకు డబ్బాల్లో పెట్టి ప్రతి కంపార్ట్‌మెంటులో ఉంచుతారు. రష్యన్ పేరు వీ-64.

ఆ డబ్బా తెరిచే పద్ధతి బయటివాడు చూస్తే పూజ అనుకుంటాడు. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, బాగా ఆరాక పొడి గ్లవ్స్ వేసుకోవాలి. ఇంజిన్ రూమ్ నుంచి వచ్చినవాడు నూనె బట్టలతో దగ్గరికి రాకూడదు. తెరిచే చోట నేల మీద నూనె మరక ఉండకూడదు, పైన చెమ్మ కారే పైపు ఉండకూడదు. మూత లేపి, పలకల్ని ఒక్కొక్కటిగా నిలువు గూళ్ళలోకి, మధ్యలో గాలి ఆడేలా దించాలి. సన్నటి పొడి లేస్తుంది, అది గొంతులో పడితే మంట, దగ్గు. కాసేపటికి గూడు వేడెక్కడం మొదలవుతుంది. ఆ వేడి తగిలిందంటే పలకలు పని మొదలెట్టాయని అర్థం. కుర్రాళ్ళకి ఎప్పుడూ చెప్పేవాణ్ణి: కొత్త పలక కంటే వాడేసిన పలకే ప్రమాదం. అయిపోయింది కదా అని అశ్రద్ధ చేస్తారు. అందులో ఇంకా సత్తువ మిగిలే ఉంటుంది. దాన్ని బిల్జ్‌లోకి, అంటే బోటు అడుగున నూనె కలిసిన నీళ్ళు చేరే చోటికి జారవిడిస్తే అగ్గి పుడుతుంది.

2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో రష్యన్ సబ్‌మెరైన్ కుర్స్క్ ముందు భాగంలో టార్పిడోలు పేలాయి. 118 మందిలో 23 మంది వెనకున్న తొమ్మిదో కంపార్ట్‌మెంటుకి చేరి కొన్ని గంటలపాటు బతికే ఉన్నారు. కెప్టెన్ లెఫ్టినెంట్ ద్మిత్రి కొలెస్నికోవ్ చీకట్లో పేర్లు రాసిపెట్టిన కాగితం తర్వాత దొరికింది. గాలి కోసం వాళ్ళు ఈ పలకలనే వాడారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఒక పలక నూనె తేలుతున్న నీళ్ళని తాకి భగ్గుమంది. ఆ మంట ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ తినేసి, కార్బన్ మోనాక్సైడ్ మిగిల్చింది. చీకటి, చలి, నీళ్ళు కంపార్ట్‌మెంటులోకి ఎక్కుతున్నాయి, చేతులు వణుకుతుంటాయి. ఆ స్థితిలో నూనె తగలనివ్వకుండా పలక మార్చడం ఎంత కష్టమో, ఆరిన చేతులతో చేసినవాడికే తెలుస్తుంది. వాళ్ళని తప్పుపట్టే మాట నా నోట రాదు.

పాశ్చాత్య నేవీల దగ్గర దీనికి బదులు ఆక్సిజన్ క్యాండిల్ ఉంటుంది. పేరు క్యాండిలే గానీ వత్తీ మైనమూ ఉండవు. సోడియం క్లోరేట్‌లో కాస్త ఇనుప పొడి కలిపి గట్టిగా నొక్కిన దిమ్మ. ఒక చివర రగిలిస్తే ఇనుము కాలే వేడికి క్లోరేట్ విరిగి ఉప్పుగా మారుతూ ఆక్సిజన్ వదులుతుంది. కిలో క్లోరేట్‌కి 450 గ్రాముల ఆక్సిజన్, అంటే మనిషికి రోజుకి రెండు కిలోల లోపు చాలు. ఏళ్ళ తరబడి అలమారులో పడి ఉన్నా చెడదు. ఇబ్బంది ఏమిటంటే ఒకసారి వెలిగిస్తే ఆపలేరు, లోపల వందల డిగ్రీల వేడి, పక్కనే స్వచ్ఛమైన ఆక్సిజన్. 2007 మార్చిలో ఆర్కిటిక్ మంచు కింద ఉన్న బ్రిటిష్ సబ్‌మెరైన్ టైర్‌లెస్‌లో ఇలాంటిది ఒకటి పేలి ఇద్దరు సెయిలర్లు చనిపోయారు. విచారణలో వేలెత్తి చూపింది దిమ్మలోకి చేరిన నూనె మరకల్ని, ఆ దిమ్మల్ని నిల్వ ఉంచిన తీరుని. అంతకు పదేళ్ళ ముందు, 1997 ఫిబ్రవరిలో మీర్ అంతరిక్ష కేంద్రంలో అంటుకున్నది కూడా ఈ జాతిదే. రోజుకి మనిషికొకటి చొప్పున వాడే డబ్బా. ఆరుగురున్నారు, మంట ఆగాక పొగ మిగిలింది, ప్రాణాలు దక్కాయి.

గమనించారా, ఆక్సిజన్ పుట్టించే ప్రతి సరంజామా పక్కనే నూనె మాట వస్తోంది. అందుకే బోటులో ఆక్సిజన్‌ని ఎక్కువ ఉంచడం గొప్ప కాదు. చాలా నేవీలు కావాలనే బయటి 21 శాతం కంటే కాస్త తక్కువగా, 19–20 దగ్గర ఉంచుతాయి. మనిషి ఒంటికి కావాల్సింది ఆక్సిజన్ పీడనం, నిప్పుకి కావాల్సింది ఆక్సిజన్ శాతం. ఈ రెండిటి తేడా తెలిస్తే సబ్‌మెరైన్ గాలి సగం అర్థమైనట్టే. మామూలు పీడనం దగ్గర 18 శాతం అంటే ఊపిరితిత్తులకి దాదాపు 1,260 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు, అంటే మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ ఎక్కినట్టే. అక్కడికి వెళ్ళి ఊపిరాడక తిరిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు. కానీ ఆ మాత్రం తగ్గినా మంటకి జోరు తగ్గుతుంది. పదిహేను పదహారు దగ్గర కాగితం అంటుకోవడానికే మొరాయిస్తుంది. అదే శాతం ఇరవై నాలుగు, ఇరవై అయిదుకి పెరిగితే మామూలుగా కమిలి ఆగిపోయే బట్ట కూడా మండిపోతుంది. పాతరోజుల్లో బోట్లలో సిగరెట్లు కాల్చేవాళ్ళు. లైటర్ ఎంత కొట్టినా వెలగకపోతే, మీటర్ చూడకుండానే ఆక్సిజన్ ఎంత పడిందో చెప్పేసేవాళ్ళు. అమెరికన్ నేవీ అయితే 2010 డిసెంబరు ఆఖరు రోజు నుంచి నీళ్ళ కింద పొగ పూర్తిగా మానిపించింది.

ఇక మిగతా చెత్త. బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. 2010లో విశాఖలోనే మన డీజిల్ బోటు సింధురక్షక్ బ్యాటరీ కంపార్ట్‌మెంటులో హైడ్రోజన్ అంటుకుని ఒక సెయిలర్ చనిపోయాడు. వేడెక్కిన నూనె, పెయింట్, ఏసీ గ్యాసు, టాయిలెట్ ట్యాంకు, అన్నీ గాలిలోకి ఏదో ఒకటి వదులుతాయి. న్యూక్లియర్ బోట్లలో గాలిని మూడొందల డిగ్రీల పైన వేడిచేసిన హాప్‌కలైట్ అనే ఉత్ప్రేరకం మీదుగా పంపి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లని కాల్చేస్తారు. దానికీ ఒక మెలిక ఉంది. ఏసీ గ్యాసు కారి ఆ వేడిలోకి వెళితే విరిగి ఆమ్లపు ఆవిర్లు అవుతుంది, విషాన్ని తీసే యంత్రమే విషం చేస్తుంది. డీజిల్ బోటులో మా బాధలు ఇంత నాజూకైనవి కావు. గ్యాలీలో, అంటే బోటు వంటగదిలో, ఒకడు పప్పులో ఇంగువ పోపు పెడితే ఆఖరి కంపార్ట్‌మెంటులో పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు. ఆ వాసన మర్నాడు స్నార్కెల్ చేసేదాకా పోదు. ఎండుమిరపకాయలు వేయించినవాణ్ణయితే బోటు బోటంతా దగ్గుతూ తిట్టేది.

మంటలార్పే గ్యాసు కూడా ఈ ఇరుకులో శత్రువే. 2008 నవంబరులో జపాన్ సముద్రంలో ట్రయల్స్‌లో ఉన్న రష్యన్ సబ్‌మెరైన్ నెర్పాలో మంట లేకుండానే ఫ్రియాన్ వ్యవస్థ తెరుచుకుని ఇరవై మంది చనిపోయారు. ఆ బోటే తర్వాత 2012లో లీజు మీద మన నేవీకి వచ్చి ఐఎన్‌ఎస్ చక్రగా విశాఖ నుంచి పనిచేసింది.

చివరి ప్రశ్న: కరెంటు పోయి బోటు అడుగుకి చేరితే ఎన్నాళ్ళు? చాలా నేవీలు ఏడు రోజులు లక్ష్యంగా పెట్టుకుని సామాను నింపుతాయి. మనుషులు చేరే కంపార్ట్‌మెంట్లలో క్యాండిళ్ళో పలకలో, లిథియం హైడ్రాక్సైడో సోడా లైమో, చేత్తో గాలి కొలిచే గాజు ట్యూబులు ఉంటాయి. లిథియం హైడ్రాక్సైడ్‌ని ఫ్యాన్ లేకపోయినా పనిచేసేలా పలచటి తెరల్లా పైనుంచి వేలాడదీస్తారు. దాన్ని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, కింద నుంచి కొత్త గాలి వచ్చి చేరుతుంది. అప్పుడు కెప్టెన్ మొదటి ఆర్డరు 'పడుకోండి'. కదలకుండా పడుకున్నవాడికి గంటకి పదిహేను లీటర్ల ఆక్సిజన్ చాలు, బరువు పనిచేసేవాడు అంతకి ఎన్నో రెట్లు తాగేస్తాడు. మాట్లాడటం తగ్గించాలి, ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవాలి, ఎందుకంటే వణుకు కూడా ఆక్సిజన్ ఖర్చే. ఒక మనిషి మాత్రం గడియారం చూస్తూ, ట్యూబుతో గాలి కొలిచి రాసుకుంటూ ఉంటాడు. క్యాండిల్ ఎప్పుడు వెలిగించాలో, లోపల ఒత్తిడి పెరుగుతుంటే ఆగి చూడాలో, పైకి ఈది తప్పించుకోవాలో, ఆ కాగితం చూసే తేలుస్తారు.

బయటి నుంచి సాయం విషయానికొస్తే, లోతులోకి దిగి సబ్‌మెరైన్ హ్యాచ్‌కి (మనుషులు దూరే మూత ద్వారానికి) అతుక్కుని మనుషుల్ని ఎక్కించుకునే చిన్న రెస్క్యూ వాహనాలు మన నేవీకి 2018 నుంచి ఉన్నాయి, ముంబైకి ఒకటి, విశాఖకి ఒకటి. వాటిని మోసుకెళ్ళడానికి హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన నిస్తార్ 2025 జులైలో విశాఖలోనే సర్వీసులో చేరింది. బోటు ఎక్కడ పడిందో తెలిసి, సముద్రం ఒప్పుకుంటే ఏడు రోజులు తక్కువేమీ కాదు. మీరు మళ్ళీ కురుసురకి వెళితే ముందు కంపార్ట్‌మెంటులోనూ చివర కంపార్ట్‌మెంటులోనూ పైనున్న హ్యాచ్‌లని చూడండి. గైడు అక్కడ ఎక్కువసేపు ఆగడు గానీ, పైన చెప్పిందంతా జరిగేది వాటి కిందే.